మానుకోటలో నాకు కనిపించని వాపు

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుని మొదలుపెడతాను. మహబూబాబాద్ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రం వరండాలో ఒక లంబాడా ముసలామె నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాటిమాటికీ ఉమ్ముతోంది. నా వెనక పద్నాలుగుమంది డాక్టర్లు, నర్సులు ఉన్నారు. బెంచీల మీద ముప్పైమంది రోగులున్నారు. వాళ్లందరికీ వినిపించేలా, "ఇదిగో, పొగాకు నమిలే నోరు ఇలా ఉంటుంది. వీళ్లకి ఎంత చెప్పినా ఇంతే" అన్నాను. పక్కనున్న ఆమె కూతురు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశాను.

ఆమె పొగాకు నమలడం లేదు. తన ఉమ్మి తాను మింగలేకపోతోంది. గంటన్నర కిందట అదే ఆవరణలో నల్లబల్ల మీద బొమ్మ గీసి, "ఉమ్మి మింగలేని మనిషి వస్తే ఆలస్యం చెయ్యకండి, కాసేపట్లో ఊపిరి ఆడదు" అని పాఠం చెప్పింది నేనే.

నేను పళ్ల డాక్టర్ని. హైదరాబాదులో ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పుట్టింది తెనాలి దగ్గర. అప్పటి వరంగల్ జిల్లాలో ఆరోగ్య కేంద్రాలు ఉండేవి గానీ వాటిలో పళ్ల డాక్టరు ఉండేవాడు కాదు. దవడ వాచినా, సైకిలు మీంచి పడి పన్ను ఊడినా, పన్ను పీకిన చోట నెత్తురు ఆగకపోయినా జనం అక్కడికే వచ్చేవాళ్లు. అక్కడివాళ్లు ఒక నొప్పి మాత్ర ఇచ్చి వరంగల్ పొమ్మనేవాళ్లు. మొదటి గంటలో చేయవలసిన పని వాళ్లకు నేర్పాలని నేను బయలుదేరాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మూడు ఊళ్లలో మూడు తరగతులు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. బండ్ల నంబరు పలకల మీద ఏపీ కొట్టేసి టీజీ అని రాసుకున్నారు. "నువ్వు నోరు విప్పితే చాలు, ఎక్కడివాడివో తెలిసిపోతుంది. ఇప్పుడా వెళ్లేది?" అంది మా ఆవిడ. ఆరోగ్య కేంద్రాలు మాత్రం తెరిచే ఉన్నాయి. నర్సులు నల్ల రిబ్బను పెట్టుకుని పని చేస్తున్నారు.

జనగామలో మేక దవడలు

మత్తు సూది ఎక్కడ గుచ్చాలో నేర్పడానికి మేక దవడలు కావాలి. పొద్దున్నే రైలు దిగి మాంసం కొట్టుకు వెళ్లాను.

"తలకాయ వద్దా సార్? ఒట్టి దవడలేనా?" అన్నాడు కొట్టు ఆయన. "కూరకు రావు గవి."

"కూరకు కాదండీ. వాటికి సూది వెయ్యడం నేర్పించాలి."

ఆయన కత్తి కింద పెట్టి, పక్కన కైమా కోసం నిలబడ్డ మనిషి వైపు తిరిగాడు. "ఇన్నవా మల్లేశన్నా? సచ్చిన మేకకు సూదేస్తడట. జర ముందుగాల రావొద్దా సార్, పాపం!"

దవడలకు డబ్బు తీసుకోలేదు. నవ్వించినందుకు చాలన్నాడు. మా తెనాలిలో అయితే పనికిరాని వాటికి కూడా ఒక ధర చెప్పేవాళ్లేమో అనుకుంటూ సంచీ పట్టుకుని నడిచాను.

తరగతికి వచ్చినవాళ్లలో సగం మంది రెండు బండ్లు మారి వచ్చారు. ఒకాయన పదహారు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఊడిన పన్నును వేరు పట్టుకోకుండా ఎత్తి, కడిగి, మళ్లీ దాని గుంటలోనే పెట్టాలనీ, అది కుదరకపోతే పాలలో వేసి పంపాలనీ చెప్పాను. వెనక వరసలోంచి ఒక ఆరోగ్య కార్యకర్త లేచింది.

"సార్, మా ఊర్ల పాలు ఛాయ్‌కే సాలయి. పంటికి యాడికెళ్లి తేవాలె?"

అందరూ నవ్వారు. ఆమె కూర్చోలేదు. "ఇంకోటి సార్. మా దిక్కు పన్ను ఊడితే పెండల వెట్టి ఇంటిమీదికి ఇసురుతరు. నేను పొయ్యేసరికి అది పెంకుల మీదుంటది. నిచ్చెనేసుకొని ఎక్కాల్నా?"

మా ఊళ్లోనూ ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్లం. పాలపళ్లను విసరనివ్వండి, ఏడేళ్లు దాటిన పిల్లలకు ముందరి పళ్లు ఊడితే మాత్రం విసరకముందే ఆపండి అని ఊరిలో చెప్పమన్నాను. ఆమె దాన్ని నాకంటే తేలికగా చెప్పింది: "పాలపన్ను పెంకుల మీదికి, పెద్దపన్ను దవాఖానకు." అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

దవడ జారితే ఎలా ఎక్కించాలో చూపిస్తున్నప్పుడు ఒక దిట్టమైన కాంపౌండరు నా దవడ మీదే అభ్యాసం చేశాడు. జారని దవడను అంత శ్రద్ధగా నొక్కితే ఏమవుతుందో ఆ మధ్యాహ్నం తెలిసింది. ఎవరో ఇంటి నుంచి సర్వపిండి తెచ్చారు. మా వైపు తపాలా చెక్కకు అది దగ్గరి చుట్టం, నువ్వులూ పల్లీలూ ఎక్కువ. ఘుమఘుమలాడుతోంది, నేనేమో నమలలేను. పచ్చిపులుసు పోసుకుని అన్నం మాత్రం మింగాను.

కేసముద్రంలో ఆగిన రైలు

మర్నాడు రైలు కేసముద్రం దాకా వచ్చి ఆగిపోయింది. పట్టాల మీద జనం కూర్చుని డప్పు కొడుతున్నారు. ఎప్పుడు కదులుతుందని గార్డును అడిగితే వాళ్లను అడగమన్నాడు. నాకు వాళ్లను అడిగే ధైర్యం లేదు. సంచీ తీసుకుని మార్కెట్ యార్డు వైపు నడిచాను. మక్కలు, అదే మొక్కజొన్నలు, రాశులు పోసి ఉన్నాయి. ఒక ధాన్యం వ్యాపారి తన కొట్టు ముందు కుర్చీ వేసి నాలుగు రూపాయల ఛాయ్ తెప్పించాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"హైదరాబాదండీ."

"హైదరాబాద్ల అండీ అంటరా?" అని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏం పని మీద వచ్చిండ్రు?"

"పళ్ల డాక్టర్ని."

"అగో! మా పండ్లూడగొట్టుడు మీకు అలవాటే గద! గిప్పుడు దానికి డాక్టరు సదువు గూడ సదివిండ్రా?"

నేను ఛాయ్ గ్లాసు కింద పెట్టి సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆయన మాత్రం సరదాగానే ఉన్నాడు. ఛాయ్ అయ్యాక మానుకోట వైపు వెళ్లే ఒక ట్రాక్టరును ఆపి, "సార్‌ను దవాఖాన కాడ దింపు. జర పైలం, పండ్ల డాక్టరు, పండ్లు రాలకుంట తీస్కపో" అని డ్రైవరుకు చెప్పాడు. మహబూబాబాద్‌ను అక్కడ ఎవరూ మహబూబాబాద్ అనరు, మానుకోట అంటారు. మక్కల బస్తాల మీద కూర్చుని వెళ్లాను. దిగాక ఒంటి దురద రెండు రోజులు వదల్లేదు.

మానుకోట

మూడో రోజు తరగతి కురవి దారిలోని ఒక ఆరోగ్య కేంద్రంలో జరిగింది. అక్కడి డాక్టరు రవి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. కేంద్రాన్ని నిజంగా నడిపేది స్టాఫ్ నర్సు సువర్ణ. నలభై దాటిన మనిషి, అందరూ సువర్ణక్క అంటారు. నా తరగతిలో మొదటి వరసలో కూర్చుని ఒక్క ప్రశ్నా అడగలేదు. పాఠం ఆమెకు ఎక్కడం లేదనుకున్నాను.

తరగతి మధ్యలో అందరినీ వరండాలోకి తీసుకెళ్లాను. అక్కడే ఆ ముసలామెను చూసి, మొదట చెప్పిన ఆ మాట అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఏమీ అనలేదు. నాలుక పైకి లేచిపోయి ఉన్న మనిషి ఏమంటుంది? ఆ సంగతి నాకు తెలియదు. నేను ముందుకు కదిలి ఒక పిల్లవాడి పిప్పిపన్ను చూపిస్తున్నాను. వెనక నుంచి సువర్ణ గొంతు వినిపించింది.

"సార్, జర ఇటు రార్రి."

ఆమె ముసలామె చేతిలోని తువ్వాలు తీసి విప్పి చూస్తోంది. "తువ్వాల తెల్లగనే ఉంది సార్. పొగాకు మరక లేదు, వాసన లేదు. ఒట్టి ఉమ్మి." తర్వాత ముసలామె ముందు గొంతుక్కూర్చుంది. "అవ్వా, నీ పేరేంది?"

"కమ్లి" అన్నదా మనిషి. వేడి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ మాట.

"కమ్లవ్వా, ఒక్కపారి ఉమ్మి మింగు."

కమ్లి ప్రయత్నించింది. మెడ నరాలు బిగిశాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉమ్మి పెదవి చివరి నుంచి కారిపోయింది.

"పొద్దుగాల మీరు చెప్పింది గిదే గద సార్?" అంది సువర్ణ. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది.

గడ్డం కింద చెయ్యి పెట్టి చూశాను. రెండు వైపులా చెక్కలా గట్టిగా ఉంది. పుచ్చిన దవడపంటి చీము నాలుక కిందికి పాకి, నాలుకను పైకి నెట్టేస్తోంది. గంటలో కావచ్చు, మూడు గంటల్లో కావచ్చు, గాలి దారి మూసుకుపోతుంది. కూతురు సక్కు ఏడుస్తూ చెప్పింది: "నాలుగు రోజులాయె సార్, ఉప్పు కాపడం పెడ్తున్నం. మా యాడి పొగాకు ఎన్నడు ముట్టలే. చెప్తుంటే మీరు ఇనకపోతిరి." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. కాపడం మా అమ్మా పెట్టేది, తవుడు వేయించి మూట కట్టి. చీము పట్టిన వాపుకు ఆ వేడి మేలు చేయదు. వైద్యం మాత్రం ఆలస్యమవుతుంది.

నా చెయ్యి ఇంకా ఆ గడ్డం కిందే ఉంది. నా తరగతివాళ్ల చేతులు మాత్రం ఆగలేదు. "పండవెట్టకుర్రి, కూసోవెట్టుర్రి" అని సువర్ణ అరిచింది. ఒకరు ఆక్సిజను తెచ్చారు. రవి మొదటి గుచ్చులోనే నరం దొరికించుకుని సూదిమందు ఎక్కించాడు. ఇంకొకరు వరంగల్ పెద్దాసుపత్రికి ఫోను చేసి, గొంతు ముందు నుంచి గాలి దారి తెరవాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండమని చెప్పారు. పొద్దున పాఠంలో తడబడిన వాళ్లే వీళ్లు. ఒక్క మెట్టు తప్పలేదు. నా తప్పు కళ్ల ముందు ఉన్నా సరే, ఆ పది నిమిషాల్లో నాకు కలిగిన గర్వాన్ని దాచలేను. ఇరవయ్యేళ్లలో నేను చెప్పిన ఏ పాఠమూ అంత తొందరగా మనుషుల చేతుల్లోకి దిగలేదు.

నడిరోడ్డు మీద పొయ్యి

అంబులెన్సులో వెనక సువర్ణ, కమ్లి, సక్కు. ముందు డ్రైవరు పక్కన నేను. నెక్కొండ దాటాక రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి, నడిరోడ్డు మీద వండుకుని అక్కడే కూర్చుని తింటారు. మూడు బండరాళ్ల మీద పెద్ద గుండిగలో కిచిడీ ఉడుకుతోంది. చుట్టూ రెండొందల మంది, డప్పు మోత. నేను నోరు తెరవలేదు. నా యాస విని బండిని ఆపేస్తారేమోనని భయం.

సువర్ణ కిటికీలోంచి తల బయట పెట్టింది. "అన్నా, అవ్వకు దమ్ము అందుతలే!"

గరిటె పట్టుకున్న ఒక పెద్దాయన చూశాడు. "పొయ్యి తియ్యుర్రి!" అన్నాడు, అంతే. నలుగురు చేతులకు తడి గోనెలు చుట్టుకుని కుతకుతలాడే గుండిగను ఎత్తేశారు. మిగిలినవాళ్లు మండుతున్న కట్టెలను కాళ్లతో తన్నారు. ఒకాయన పంచె అంచు అంటుకుంది, చేత్తో ఆర్పుకుంటూనే రాయి దొర్లించాడు. డప్పు ఆగింది. మా బండి దాటింది.

వీళ్ల గురించా నేను భయపడింది?

పెద్దాసుపత్రిలో కమ్లిని నేరుగా లోపలికి తీసుకెళ్లారు. గంటకు పైగా బయట నిలబడ్డాం. సక్కు సువర్ణ చెయ్యి వదల్లేదు. చివరికి సర్జన్ వచ్చి, మెడ కింద కోసి చీము తీశామనీ, గొట్టం లేకుండానే ఊపిరి ఆడుతోందనీ చెప్పాడు. "ఇంకో గంటయితే దక్కేది కాదు" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీలాంటివాళ్లు ఉండబట్టి సరిపోయింది. భలే పట్టారు సార్."

సువర్ణ నా పక్కనే ఉంది, తడి తువ్వాలు మడత పెడుతోంది. నేను పట్టలేదని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నేను చిన్నగా నవ్వి, "థాంక్యూ" అన్నాను.

వరండాలో అన్న మాట తెలియక అన్నది. ఇది తెలిసి చేసింది.

తిరిగి వస్తుంటే అదే చోట పొద్దు గుంకే వేళ బండి ఆపారు. "అవ్వ ఎట్లుంది?" అని ఆ పెద్దాయన అడిగాడు. బతికిందని సువర్ణ చెప్పగానే కొందరు చప్పట్లు కొట్టారు. మాకు విస్తరాకుల్లో కిచిడీ, పక్కన మామిడికాయ తొక్కు వడ్డించారు. అడుగంటిన వాసన వేస్తోంది. పొయ్యి మీంచి దింపి మళ్లీ ఎక్కించింది కదా. ఈసారి నేను నోరు విప్పి, "చాలా బాగుందండీ" అన్నాను. "మాడిపోయింది సార్, అబద్ధమాడకు" అన్నాడాయన. అందరితో పాటు నేనూ నవ్వాను.

తింటూ సువర్ణను అడిగాను. "ఆసుపత్రిలో నువ్వెందుకు చెప్పలేదు సిస్టర్, కనిపెట్టింది నువ్వేనని?"

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. "మీరు చెప్తరనుకున్న సార్."

భూపాలపల్లి

మర్నాడు పొద్దున్నే రవిని బతిమాలి సువర్ణకు ఆ రోజు సెలవు ఇప్పించాను. ఆమె సుముఖంగా లేదు. "నేను స్టాఫ్ నర్సును సార్. డాక్టర్లకు నేనేం చెప్త?" నర్సంపేట మీదుగా జీపులో వెళ్లాం. ములుగు దాటాక అడవి దగ్గరపడుతుంది, గాలి మారుతుంది. భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. కార్మికులూ సమ్మెలో ఉన్నారు. షామియానా కింద కూర్చుని పాటలు పాడుతున్నారు. గనులు నడిచే రోజుల్లో ఆకుల మీద కూడా బొగ్గు పొడి ఉంటుందట. మేము వెళ్లిన రోజు ఆకులు పచ్చగా కనిపిస్తున్నాయని టీ కొట్టు ఆమె ఆశ్చర్యపడింది.

తరగతిలో నేను బల్ల దగ్గర నిలబడి, నిన్న నా కళ్ల ముందున్న మనిషి నాకు కనిపించలేదని మొదలుపెట్టి, ఏమన్నానో, ఆసుపత్రిలో ఏం అనలేదో అంతా చెప్పాను. ఈ రోజు పాఠం సువర్ణ చెబుతుందని చెప్పి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక సీనియర్ డాక్టరు గొణిగాడు. "నర్సు మాకు క్లాసు చెప్పుడేంది?"

"నేను క్లాసు చెప్త లేను సార్" అంది సువర్ణ. "ఒక అవ్వ ముచ్చట చెప్త. నచ్చకపోతే లేశి పోర్రి."

ఎవరూ లేవలేదు. చీటీ రాసేటప్పుడే మూడు మాటలు అడగమంది. పేరు చెప్పించాలి, గొంతు తెలుస్తుంది. ఉమ్మి మింగించాలి. పండుకుంటే ఎట్లుంటదని అడగాలి, పండబెట్టి చూడొద్దు. మూడూ మాటలతోనే, పరికరాలు అక్కర్లేదు. నా పాఠంలో గంటన్నర పట్టిన సంగతి అది. ఆ సీనియర్ డాక్టరు అద్దాలు సవరించుకుని, "ఇంకొకసారి చెప్పమ్మా, రాసుకుంట" అన్నాడు.

మళ్లీ ఆ వరండా

ఇంటికి వచ్చిన రోజే సర్జన్‌కు ఉత్తరం రాశాను, ఆ జబ్బును పట్టింది ఎవరో చెబుతూ. నకలు సువర్ణకు పంపాను. మూడు వారాల తర్వాత కమ్లి తండాకు వెళ్లాను. గుమ్మం ముందు జొన్నలు చెరుగుతోంది. గడ్డం కింద కోత మానుతోంది. మాట తేటగా ఉంది, తేటగానే తిట్టింది. నేను చేతులు జోడించి, తప్పయిపోయిందన్నాను.

చేట పక్కన పెట్టింది. "ఆడ అందరి ముందల అన్నవ్. ఈడ ఒక్కదానికి చెప్తే ఎట్ల?"

బుధవారం పిల్లలకు టీకాలు వేసే రోజు, కేంద్రం కిటకిటలాడుతుందని సువర్ణ చెప్పింది. ఆ బుధవారం వెళ్లాను. బెంచీలు నిండి తల్లులు నేల మీద కూర్చున్నారు. కమ్లి, సక్కు, తండా నుంచి ఇంకో పదిమంది వచ్చారు. సువర్ణ టీకాల డబ్బా మూసి గడపలో నిలబడింది. ఈ కమ్లవ్వ పొగాకు ఎన్నడూ ముట్టలేదనీ, నేను చూడకుండానే నోరు పారేసుకున్నాననీ, ఆమె ప్రాణం నిలబడింది సువర్ణ సిస్టర్ వల్ల గానీ నా వల్ల కాదనీ చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. పిల్లలు ఏడుస్తున్నారు.

కమ్లి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఎనుకున్నోళ్లకు ఇనవడలే సార్. ఆ రోజు గట్టిగనే అంటివి గద."

మెట్టెక్కి నిలబడి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను, ఈసారి గేటు దగ్గరి వాళ్లకు కూడా వినిపించేలా.